లెమైత్ర మళ్లీ క్లాసులో కూర్చున్న రోజులు

చిరంజీవికి ఆశీస్సులు.

బెల్జియం భౌతికశాస్త్రవేత్త జార్జ్ లెమైత్ర మీద నువ్వు రాసిన వ్యాసం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలు పెట్టుకుని చదివాను. మూడో పేజీలో ఆ పెన్సిలు ఆగిపోయింది. ‘యుద్ధభూమిలో పేలిన ఫిరంగుల నిప్పురవ్వల్లోంచే లెమైత్ర మనసులో బిగ్ బ్యాంగ్ పుట్టింది’ అని రాశావు. ఈ మాట నీకెవరు చెప్పారమ్మా? ఆయన అన్నాడా? విశ్వం అతి వేడిగా, ఇరుకుగా ఉన్న స్థితి నుంచి మొదలై వ్యాకోచించిందన్న సిద్ధాంతానికి అసలు బిగ్ బ్యాంగ్ అన్న పేరే ఆయన పెట్టింది కాదు. 1949లో ఫ్రెడ్ హాయిల్ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త రేడియోలో మాట్లాడుతూ వాడిన మాట అది. నీ వాక్యం చప్పుడు బావుందని రాసేశావు. ఉత్తరం రాయడానికి ఇవాళ పొద్దున్నే కూర్చున్నది ఆ వాక్యం వల్లే.

నీ తెలుగు శుభ్రంగా ఉంది. సంతోషం.

ఇంకో వాక్యం ఇంతకంటే బాధపెట్టింది. జార్జ్ లెమైత్ర 1914లో సైన్యంలో చేరాడు అన్నావు, యుద్ధం అయ్యాక పతకంతో తిరిగొచ్చాడు అన్నావు, ‘ఆ తర్వాత ఆయన వెనుదిరిగి చూడలేదు’ అని ఒక్క గెంతులో 1927కి, ఐన్‌స్టైన్ దగ్గరికి వెళ్లిపోయావు. ఈ ‘వెనుదిరిగి చూడలేదు’ నలభై ఏళ్లుగా మన ఆదివారం అనుబంధాల్లో కిరాణా వ్యాపారి నుంచి కలెక్టరు దాకా అందరికీ తగిలిస్తున్న వాక్యం. అది కనిపించిన ప్రతిచోటా రచయిత తెలుసుకోకుండా వదిలేసిన సంవత్సరాలు ఉంటాయి. నువ్వు వదిలేసినవి చూడు.

1911లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేరాడు. 1914 ఆగస్టులో జర్మన్లు బెల్జియం మీద పడ్డారు. ఇరవై ఏళ్లవాడు, తమ్ముడితో కలిసి వాలంటీరుగా వెళ్లాడు. అదే నెల 25న జర్మన్ సైన్యం లూవెన్ ఊరికి నిప్పు పెట్టింది. తను చదువుకుంటున్న యూనివర్సిటీ లైబ్రరీ రెండు లక్షలకు పైగా పుస్తకాలతో, చేతిరాత ప్రతులతో సహా బూడిదైంది. ఈయన యీజర్ నది దగ్గర, సముద్రపు తూములు ఎత్తి బెల్జియన్లు తమ పొలాలను తామే ముంచుకున్న చోట, యుద్ధకాలం చాలావరకు ఉన్నాడు. ముందు కాల్బలంలో, తర్వాత ఫిరంగుల దళంలో. 1919లో వెనక్కొచ్చాక ఇంజినీరింగ్ వదిలేసి గణితం, భౌతికశాస్త్రం పట్టుకున్నాడు. 1920లో డాక్టరేట్ తీసుకున్నాడు. కొత్త లైబ్రరీ కట్టడం మొదలుపెట్టిందే 1921లో. అంటే, లైబ్రరీ కాలిపోయిన విశ్వవిద్యాలయంలో, పాతికేళ్ల మాజీ సైనికుడు మళ్లీ నోటుపుస్తకం తీశాడు. నీ వ్యాసం అక్కడుంది. అక్కడ ఒక్క అక్షరం రాయలేదు నువ్వు.

నాకెందుకింత పట్టింపో చెబుతాను. మా బీఎస్సీ మొదటి సంవత్సరంలో, పదిహేనేళ్లు సైన్యంలో చేసి రిటైరైన ఒకాయన మా క్లాసులో చేరారు. మా పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది కదా, సైన్యంలో చేరేవాళ్లకు పేరుపడ్డ ఊరు, ఆ చుట్టుపక్కలవారే. మేమంతా మిలిటరీ బాబాయ్ అనేవాళ్లం. డెబ్బై ఒకటి యుద్ధం చూసిన మనిషి. ల్యాబులో త్రాసు ముందు కూర్చుంటే ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టేవారు. క్లార్క్ టేబుల్స్ అనే లాగరిథమ్ పట్టికల పుస్తకంలో వరస తప్పిపోకుండా ఇన్‌లాండ్ లెటరు ముక్క అడ్డం పెట్టుకుని, వేలితో కాకుండా పెన్సిలు మొనతో ఒక్కో అంకె దగ్గరా ఆగేవారు. లాగరిథమ్స్‌లో అంకె నెత్తి మీద పెట్టే ఆ బార్, అంటే అడ్డగీత, ఎందుకో ఆయనకు ఎంతకీ ఎక్కలేదు. హాస్టల్ గదిలో ఒక రాత్రంతా కూర్చుని చెప్పాను. తెల్లవారుజామున ‘ఆఁ, ముందున్న అంకె ఒక్కటే మైనస్, వెనకాలది ప్లస్సే’ అని తనే అన్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

నా మొదటి వ్యాసం ఆయన మీదే రాశాను. ఒక పత్రిక వేసింది. ఆ ఎడిటరు త్రాసు తీసేశాడు, టేబుల్స్ తీసేశాడు, నేను రాయని ‘తుపాకీ పట్టిన చేత్తోనే కలం పట్టి’ అన్న మాట చేర్చాడు. బాబాయ్ క్యాంటీన్‌లో అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ‘లాగరిథమ్స్ సంగతి రాయలేదేం?’ అని అడిగారు. రాశాను, కొట్టేశారు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఎడిటరుకు మళ్లీ ఏమీ పంపలేదు. ఇప్పుడైతే స్ఫూర్తి కథలని పేరు మార్చారు, చేసే పని అదే. మనిషి చదువుకున్న చదువును తీసేసి, చివర దండ వేస్తారు.

లెమైత్ర విషయంలో ఆ పని నువ్వు చేయకు. 1923లో ఫాదరీ అయ్యాడు, కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త దగ్గర ఏడాది చదివాడు, అక్కడి నుంచి అమెరికా వెళ్లాడు. ఇవన్నీ చదువుకున్న ఏళ్లే. 1927 నాటి ఆయన పేపరు ఎలా తయారైందో చూడు. ఒకవైపు ఐన్‌స్టైన్ సమీకరణాలు, ఇంకోవైపు ఇతరులు కొలిచిపెట్టిన 42 గెలాక్సీల వేగాలు, దూరాలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని విశ్వం వ్యాకోచిస్తోందని లెక్క తేల్చాడు. అదే సంగతి మీద అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ రాసిన పేపరుకు రెండేళ్ల ముందు. బ్రస్సెల్స్‌లో ఒక చిన్న పత్రికలో ఫ్రెంచిలో అచ్చవడంతో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంకె తర్వాత అంకె వేసుకుంటూ పోయిన పని అది. నిప్పురవ్వ ఎక్కడుంది?

బాణసంచా పోలిక ఆయన వాడిన మాట నిజమే. విశ్వ పరిణామాన్ని అప్పుడే ఆగిన బాణసంచాతో పోల్చాడు. మనం చల్లారిన కణిక మీద నిలబడి, ఆరిపోతున్న సూర్యుళ్లను చూస్తూ మొదటి వెలుగును గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాం అన్నాడు. దాన్ని ఆయన మాటగానే పెట్టు. ఫిరంగుల దళంలో పనిచేశాడన్న సంగతి ముందే చెప్పి ఉంటావు కాబట్టి, చదివేవాడు తనంతట తనే ఒక క్షణం ఆగుతాడు. ముడి నువ్వు వేయకు.

మతం, సైన్సు మీద నువ్వు రాసిన రెండు పేజీలూ తీసెయ్. అది వేరే వ్యాసం. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం.

చివరి పేరా మాత్రం ముట్టుకోకు. 1966లో ఆస్పత్రి మంచం మీద ఉన్న ముసలాయనకు, తన దగ్గర పనిచేసిన ఒకాయన వచ్చి, ఆకాశం నిండా మిగిలిపోయిన, విశ్వం తొలినాళ్ల వేడి తాలూకు రేడియో తరంగాలు దొరికాయని చెప్పడం, కొద్ది రోజులకే జూన్ 20న ఆయన పోవడం. ఒక్క విశేషణం లేకుండా రాశావు. అది చదివి కాగితాలు పక్కన పెట్టి, వరండాలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. 1919 గురించి కూడా అలాగే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు