నక్షత్రాలను కాదు, ఆ కుర్రాడు ఏ ఆటలోకి వస్తున్నాడో చూడండి

ఐదు నక్షత్రాల క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు, లేకుండా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ జట్టయినా నెగ్గుకురాగలదా, ఆ ఒక్క కుర్రాడి కోసం విశ్వవిద్యాలయాలు అంత డబ్బు కుమ్మరించడం అవసరమా అని, ఇంట్లో ఇదే వాదన నడుస్తున్న ఒక తెలుగు మిత్రుడు డాలస్ శివార్ల నుంచి ఇక్కడ అడిగారు. నెగ్గుకురాగలదు, అంత డబ్బు అవసరం లేదు. హైస్కూల్ ఆటగాళ్లకు ఐదు దాకా నక్షత్రాలు ఇచ్చేవారు కుర్రాడి ఎత్తును, చేతి బలాన్ని, కాలి వేగాన్ని కొలుస్తారు. అతడు రేపు ఏ కోచ్ దగ్గర ఏ ఆట ఆడబోతున్నాడో కొలిచే సాధనం వారి దగ్గర లేదు. ఎంసెట్ ర్యాంకు చూసి పిల్లవాడు ఏ బ్రాంచిలో రాణిస్తాడో చెప్పేసే మన చుట్టాల జోస్యానికీ, ఈ నక్షత్రాల లెక్కకూ నాకు పెద్ద తేడా కనిపించదు.

నేను ఎం.ఎస్. చదివింది పశ్చిమ టెక్సస్‌లోని లబ్బక్ పట్టణంలో, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో. కాబట్టి నా మాటల్లో కొంత ఊరి అభిమానం ఉంటుంది, దానికి నేను సంజాయిషీ ఇచ్చుకోను. చుట్టూ పత్తిచేలు, ఏడాది పొడవునా ఈదురుగాలి తప్ప మరేమీ లేని ఆ ఊరికి ఐదు నక్షత్రాల కుర్రాళ్లు సాధారణంగా రారు. వారిని ఆస్టిన్, నార్మన్ వంటి పెద్ద జట్లున్న ఊళ్లు ఎగరేసుకుపోతాయి. అయినా 2000లో మైక్ లీచ్ అక్కడికి హెడ్ కోచ్‌గా వచ్చిన తరువాత ఏం జరిగిందో చూడండి. 2002లో క్వార్టర్‌బ్యాక్ క్లిఫ్ కింగ్స్‌బరీ ఒక్క సీజన్‌లో పాసులతోనే జట్టును ఐదు వేల గజాలు దాటించాడు. అతడు వెళ్లిపోయాక 2003లో బి.జె. సైమన్స్ ఏకంగా 5,833 గజాలు విసిరాడు. ఆ తరువాతి ఏడాది స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరిన సోనీ కంబీ, ఆ పై ఏడాది కోడీ హాడ్జెస్, ఇద్దరూ నాలుగు వేల పైచిలుకు గజాలు విసిరారు. ఏటా మనిషి మారుతున్నాడు, అంకెలు మాత్రం దాదాపు అలాగే ఉంటున్నాయి. నలుగురూ పుట్టుకతోనే మేటి ఆటగాళ్లని ఎవరైనా అంటే నేను నమ్మను. కింగ్స్‌బరీ తరువాత వచ్చిన ముగ్గురూ ఏళ్ల తరబడి అదే ఆటను పక్కన నిలబడి చూసి, సాధనలో అవే పాసులను మళ్లీ మళ్లీ విసిరి, తమ వంతు వచ్చేసరికి కళ్లు మూసుకుని ఆడగలిగేంతగా తయారయ్యారు.

లీచ్ ఆడించిన, ఎయిర్ రెయిడ్ అని పేరుపడిన ఆ పద్ధతిలో క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా నిలిచే లైన్‌మెన్ ఒకరికొకరు బాగా ఎడంగా నిలబడతారు, పాసులు అందుకునే రిసీవర్లు నలుగురు మైదానం వెడల్పంతా పరుచుకుంటారు, ఎత్తుగడల పుస్తకమైన ప్లేబుక్ మాత్రం ఇతర జట్ల పుస్తకాలతో పోలిస్తే చాలా పలుచన. స్నాప్‌కు, అంటే బంతి చేతికందే క్షణానికి, ముందు ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, కోచ్ పంపిన ఎత్తుగడను మార్చే అధికారం క్వార్టర్‌బ్యాక్‌కే ఉంటుంది. దీనికి కావలసినది గురి, త్వరగా తేల్చుకునే బుర్ర, ఖాళీ ఎక్కడుందో పసిగట్టే కన్ను. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, అరవై గజాలు విసరగల చెయ్యి ఉంటే మంచిదే గాని, అవి ఉన్నంత మాత్రాన ఈ ఆట రాదు.

ఈ మాటలన్నీ నాకు అర్థమైన రాత్రి 2016 అక్టోబరు 22. ఓక్లహోమా జట్టు మా ఊరికి వచ్చింది. నా తెలుగు రూమ్మేట్లు క్రికెట్ తప్ప మరొక ఆటను ఆటగా ఒప్పుకోరు. విద్యార్థులకు ప్రవేశం ఎలాగూ ఉందని వారిని నేనే బలవంతంగా లాక్కెళ్లాను. ఆట మొదలయ్యే క్షణంలో విద్యార్థులు దాచి తెచ్చుకున్న టోర్టియా రొట్టెలను గాలిలోకి విసరడం అక్కడి ఆచారం. నా ముందు వరుసలోని అమ్మాయి తన జాకెట్ లోపలి నుంచి వాటిని ఒక్కొక్కటే తీసి, మధ్యలో వేలితో చిల్లు పొడిచి, అలా చేస్తే గాలికి దూరం వెళ్తాయని మాకు ఎంతో శ్రద్ధగా నేర్పింది.

ఆ రాత్రి జనమంతా కోపంగా ఉన్నది ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ మీద. అతడు 2013లో స్కాలర్‌షిప్ లేకుండా మా జట్టులోనే చేరి, మొదటి ఏడాదే తొలి మ్యాచ్‌లో ఆడి, తరువాత ఓక్లహోమాకు వెళ్లిపోయాడు. అతడు బంతి పట్టుకున్న ప్రతిసారీ స్టేడియం మొత్తం తిట్లతో దద్దరిల్లింది. అతడు దాన్ని పట్టించుకోకపోగా ఆనందిస్తున్నట్టే కనిపించాడు. మా వైపు పాట్రిక్ మహోమ్స్. తూర్పు టెక్సస్‌లోని వైట్‌హౌస్ అనే చిన్న ఊరి నుంచి మూడు నక్షత్రాలతో వచ్చిన కుర్రాడు, బేస్‌బాల్ పిచర్ కొడుకు. చాలా కాలేజీలు అతడిని బేస్‌బాల్‌కు వెళ్లిపోయేవాడిగానే లెక్కగట్టి పక్కన పెట్టాయి. కుడివైపు పరుగెత్తుతూ, కాళ్లు కుదురుకోకముందే, ఒంటికి అడ్డంగా చెయ్యి తిప్పి మైదానం అవతలి అంచుకు బంతి విసిరేవాడు. అది తప్పుడు పద్ధతి అని ఏ కోచింగ్ శిబిరంలోనైనా ముందు దిద్దేది దాన్నే. ఒకప్పుడు అదే మైదానంలో లీచ్ శిష్యుడిగా ఆడిన కింగ్స్‌బరీ అప్పుడు మా హెడ్ కోచ్. అతడు ఆ కుర్రాడి చేతిని దిద్దకుండా వదిలేశాడు. నా దృష్టిలో టెక్సస్ టెక్ ఆటల చరిత్రలో అంత మంచి కోచింగ్ నిర్ణయం మరొకటి లేదు.

మూడో క్వార్టర్‌కు వచ్చేసరికి క్రికెట్ భక్తులైన నా రూమ్మేట్లు కుర్చీల మీద నిలబడి అరుస్తున్నారు. మహోమ్స్ 88 సార్లు విసిరి 52 పాసులు పూర్తి చేసి 734 గజాలు సాధించాడు. మేఫీల్డ్ 36 సార్లు మాత్రమే విసిరి 545 గజాలు, 7 టచ్‌డౌన్లు, అంటే బంతిని ఎదుటివారి గీత దాటించిన పాసులు, సాధించాడు. ఓక్లహోమా 66, మేము 59. ఆ 734 అప్పటికే ఉన్న జాతీయ రికార్డుతో సమానం. దాన్ని 2014లో వాషింగ్టన్ స్టేట్ తరఫున కానర్ హ్యాలిడే నెలకొల్పాడు, అప్పుడు ఆ జట్టు కోచ్ లీచే, ఆ జట్టు కూడా ఆ రోజు ఓడిపోయింది. ఓక్లహోమా ఆటను నడిపించిన లింకన్ రైలీ కూడా లబ్బక్‌లో లీచ్ దగ్గర విద్యార్థి సహాయకుడిగా పని నేర్చుకున్నవాడే. అంటే ఆ రాత్రి రెండు వైపులా ఒకే బడి పాఠం, ఆ బడికి నప్పిన ఇద్దరు కుర్రాళ్లు. వారిలో ఎవరినీ పెద్ద కాలేజీలు ఎర్ర తివాచీ పరిచి పిలవలేదు. మేఫీల్డ్ మరుసటి ఏడాది, ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ అందుకున్నాడు. వృత్తి ఆటగాళ్ల లీగైన ఎన్.ఎఫ్.ఎల్. జట్లు కొత్తవారిని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మహోమ్స్ 2017లో పదో ఎంపికగా కాన్సస్ సిటీకి వెళ్లి, అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయకుండా ముందుకు వెళ్లలేను. ఆ రాత్రి బంతి పట్టుకుని పరుగెత్తే ఓక్లహోమా రన్నింగ్ బ్యాక్ జో మిక్సన్ మా డిఫెన్స్ మీదుగా 263 గజాలు పరుగెత్తాడు. అతడిని ఆపే నాథుడు మా వైపు లేడు. అంతటి క్వార్టర్‌బ్యాక్ ఉండి కూడా ఆ ఏడాది మేము 5 గెలిచి 7 ఓడాము. అభిమానులంతా ఏటా తరువాతి క్వార్టర్‌బ్యాక్ ఎవరు అని మాట్లాడతారే గాని, రన్ ఆపగల డిఫెన్సివ్ టాకిల్ కోసం ఎవరూ నిద్ర మానుకోరు. డబ్బున్న పెద్ద కాలేజీలదీ ఇదే జబ్బు.

ఆటకు నప్పకపోతే ఏమవుతుందో చూడాలంటే మిషిగన్ వైపు తిరగండి. 2008లో అక్కడికి రిచ్ రోడ్రిగెజ్ కోచ్‌గా వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తవలసిన ఆట అతడిది. అప్పటికి జట్టులో ఉన్నది రయన్ మ్యాలెట్, ఆరడుగుల ఆరంగుళాల మనిషి, ఫిరంగి వంటి చెయ్యి, కదలికలు మాత్రం అంతంత. మ్యాలెట్ తనకు నప్పే చోటు వెతుక్కుంటూ ఆర్కన్సాకు వెళ్లి, 2009లో 30 టచ్‌డౌన్లు విసిరాడు. మిషిగన్ 2008లో 3 గెలిచి 9 ఓడి, సీజన్ చివర మంచి జట్లకు దక్కే, తాను 33 ఏళ్లుగా వరుసగా ఆడుతున్న బౌల్ మ్యాచ్‌కు దూరమైంది. రెండేళ్ల తరువాత అదే కోచ్ డెనార్డ్ రాబిన్సన్‌ను ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడించినప్పుడు, ఆ కుర్రాడు ఒక్క సీజన్‌లో 1,702 గజాలు పరుగెత్తాడు. మ్యాలెట్ చెడ్డ ఆటగాడూ కాదు, రోడ్రిగెజ్ చేతగాని కోచూ కాదు. జత కుదరలేదు, అంతే.

ఇప్పుడు ఆటగాళ్లు కాలేజీ మారేందుకు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆ జతను కుదుర్చుకోవడం మునుపటికన్నా సులువైంది. 2021 సీజన్‌కు ముందు హ్యూస్టన్ బాప్టిస్ట్ నుంచి, దాడి ఎత్తుగడలు చూసే కోఆర్డినేటర్ జాక్ కిట్లీ వెస్టర్న్ కెంటకీకి వెళ్తూ తన క్వార్టర్‌బ్యాక్ బెయిలీ జాపీని వెంట తీసుకువెళ్లాడు. కొత్త ఊరు, పాత ఆట. జాపీ 5,967 గజాలు, 62 టచ్‌డౌన్లు విసిరి, ఒక సీజన్‌లో 5,833 గజాల సైమన్స్ రికార్డును చెరిపేశాడు. ఆ కిట్లీ కూడా లబ్బక్‌లో తయారైనవాడే అని గుర్తు చేయకుండా ఉండలేకపోతున్నాను. మరోవైపు, కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుపై 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన ఒప్పందం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులందరికీ కలిపి తొలి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. ఆ సొమ్ములో పెద్ద ముక్కను పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కు రాసిచ్చి, ఆరు నెలలకే కోఆర్డినేటర్‌ను మార్చేసి, కుర్రాడు తడబడితే వాడి మీదే నిందవేసే యాజమాన్యాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డాలస్ మిత్రమా, మీ ఇంటి వాదనకు పనికొచ్చే పేరు ఒకటి చెబుతాను. లీచ్ దగ్గర రిసీవర్‌గా ఆడిన ఎరిక్ మోరిస్ కోచ్ అయ్యాక, శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నెట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయానికి క్యామ్ వార్డ్‌ను తెచ్చుకున్నాడు. వార్డ్ హైస్కూల్ జట్టు వింగ్-టి ఆట ఆడేది, అంటే బంతి విసరడమే అరుదు, అందుకే వార్డ్‌కు ఒక్క నక్షత్రమూ రాలేదు. 2025లో అతడు ఎన్.ఎఫ్.ఎల్. డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. మోరిస్ తరువాత డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌కు వచ్చి, హైస్కూల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ప్రధాన స్థానమే దక్కని డ్రూ మెస్టెమేకర్‌ను స్కాలర్‌షిప్ లేకుండా చేర్చుకున్నాడు. 2025లో ఆ కుర్రాడు నాలుగు వేల గజాలు దాటాడు. డెంటన్ మీ ఇంటికి కారులో గంట దూరం కూడా ఉండదు. ఐదు నక్షత్రాల కోసం వాదిస్తున్నవారిని ఆ సీజన్ వీడియోల ముందు కూర్చోబెట్టి, మెస్టెమేకర్ స్నాప్‌కు ముందు ఎటు చూస్తున్నాడో, తరువాత బంతి ఎటు వెళ్తోందో గమనించమనండి.