జీడిపప్పు పడని పిల్లోడి అమ్మకు

సుధా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పింది సగమే వినపడింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పిల్లోడికి జీడిపప్పు పడదని డాక్టరు తేల్చేశారు కదా, ఇంక అది ఎవరి వైపు నుంచి వచ్చిందని మీ అత్తమ్మతో పంచాయితీ పెట్టుకోవద్దు. ఆ ఓపికంతా వేరే పనికి కావాలి.

మీ పెదనాన్నను కందిరీగలు కుట్టిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత అరగంటలో నేను చేసిన తప్పులు మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. బంగారుపాళ్యం దగ్గర తోటలో మామిడికాయలు కోస్తా ఉంటే మెడ మీద ఒకటి, చెవి వెనక ఒకటి కుట్టాయి. అంతకుముందు ఏడాది కూడా కుట్టాయి, అప్పుడు చెయ్యి వాచి తగ్గిపోయింది, ఇదీ అంతేలే అనుకున్నా. ఆయనేమో నులకమంచం మీద కూర్చుని అరచేతుల్ని ఆ నులకకేసి ఒకటే రుద్దుతున్నారు. కుట్టింది మెడ మీద, దురద అరచేతుల్లో! అక్కడే నాకు తెలియాల్సింది. 30 ఏళ్లు నర్సుగా చేశాను గానీ ఇంటిమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎటు పోయిందో, అలర్జీ దురదకు వేసే అవిల్ మాత్ర ఒకటి ఇచ్చి, కుట్టినచోట సున్నం రాసి మజ్జిగ కలపడానికి పోయినా. వచ్చేసరికి వాంతి అయింది, గొంతు ఎవరో నొక్కినట్టు మారిపోయింది, "నాకేదో అయిపోతాంది" అన్నారు. ఆ మాట పేషెంటు అంటే నమ్మాలని మాకు వార్డులో చెప్పేవాళ్లు, నేను మాత్రం టెన్షన్ పడొద్దని ఆయన్నే కసిరి, లేపి ఆటో దాకా నడిపించినా. నాలుగడుగులకే కుప్పకూలారు. దగ్గర్లో ఆసుపత్రిలో తొడకు అడ్రినలిన్ సూది వేశాక కొద్ది నిమిషాల్లోనే మనిషి కళ్లు తెరిచి, చెప్పులెక్కడని అడిగారు.

కందిరీగ కుట్టినా, జీడిపప్పు పడకపోయినా, అలర్జీ అలా ముదిరిన టైంలో ఒళ్లంతా రక్తనాళాలు వదులైపోతాయి, లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి జారి గుండెకు అందకుండా పోతుంది. అందుకే పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఆయాసం ఎక్కువుంటే కాళ్లు చాపి కూర్చోబెట్టు, వాంతులవుతున్నా స్పృహ తప్పినా పక్కకు తిప్పి పడుకోబెట్టు. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోదామని అల్లుడు అంటాడు, ఒప్పుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యి, పిల్లోడిని భుజాన నిటారుగా ఎత్తుకుని తిరగొద్దు.

నాలుగేళ్లోడు "నాకు ఊపిరాడటం లేదు" అని చెప్పడు కదా. నాలుక గీరుకుంటాడు, నోట్లో ఏదో ఉందంటాడు, ఆగకుండా దగ్గుతాడు, గొంతు బొంగురుపోతుంది, చొంగ కారుతుంది, లేదంటే అంతసేపు గంతులేసినోడు ఉన్నట్టుండి నీ ఒళ్లో వాలిపోతాడు. నువ్వు దద్దుర్ల కోసం చూస్తూ కూర్చుంటావేమో, కొందరికి దద్దుర్లే రావు. తిన్న అరగంటలోపే ఎక్కువగా మొదలవుతుంది, ఒక్కోసారి రెండు గంటలైనా పట్టొచ్చు. దద్దుర్లతో పాటు వాంతులు గానీ ఆయాసం గానీ తోడైతే, లేదా జీడిపప్పు తిన్నాడని తెలిసి ఊపిరి ఇబ్బంది ఒక్కటే కనపడినా, ఇంక ఆలోచన వద్దు. అడ్రినలిన్ ముందు, మిగతావన్నీ తర్వాత. అవిల్, సెట్రిజిన్ దురదను తగ్గిస్తాయి గానీ మూసుకుపోయే గొంతును తెరవవు, పడిపోయే బీపీని లేపవు.

పెన్ను మాదిరి రెడీమేడ్ సూది మన దగ్గర షాపుల్లో తేలిగ్గా దొరకదు. డాక్టరును అడిగి 1 మి.లీ.లో 1 మి.గ్రా. అడ్రినలిన్ ఉండే అంపూల్ (చిన్న గాజు మందుసీసా), సిరంజి రాయించుకో. వాడు 15 కిలోలంటే లెక్క ప్రకారం 0.15 మి.లీ., అయినా ఆ అంకె డాక్టరు చేత్తోనే కాగితం మీద రాయించి అంపూల్ డబ్బాకు అతికించు, బరువు పెరిగినప్పుడల్లా మార్పించుకో. తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. ఎలా వెయ్యాలో డాక్టరు ముందే ఒకసారి చేసి చూపించు, అప్పుడే చెయ్యి వణకదు. సూది పడ్డాక గుండె దడదడలాడుతుంది, పిల్లోడు వణుకుతాడు, భయపడకు, కాసేపటికి తగ్గిపోతుంది. ఐదు నిమిషాలకీ తేరుకోకపోతే రెండో డోసు, దానికోసం రెండు అంపూల్స్ ఉంచుకోవాలి. ఎండ తగిలే చోట, బండి డిక్కీలో పెట్టొద్దు, మన తిరుపతి ఎండకు అది పాడైపోతుంది. మందు రంగు మారితే పారెయ్యి.

తేరుకున్నాడు కదా అని ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చెయ్యకు. కొన్ని గంటల తర్వాత ఏమీ తినకపోయినా మళ్లీ తిరగబెట్టొచ్చు. మీ పెదనాన్న డ్రిప్పు పీకేసి తోటకు పోతానన్నారు, నేనే ఆ రాత్రికి ఆపించినా.

తిండి సంగతి. కుర్మా గ్రేవీలో జీడిపప్పు రుబ్బి పోస్తారు, పైకి కనపడదు, హోటల్లో అడిగి తీరాలి. జీడిపప్పు పడనోళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు, అదీ బంద్ చెయ్యి. మామిడి కూడా ఆ జాతిదేనని ఎవరో నిన్ను భయపెట్టారట. వాడు పోయిన ఎండాకాలం తోతాపురి ముక్కలు ఎన్ని తిన్నాడో నేను చూసినా, ఏమీ కాలేదు, డాక్టరుకు ఆ మాట చెప్పి అడుగు.

అన్నిటికంటే కష్టం లడ్డూ. మీ ఇంటికి వారానికి ఒకరైనా కొండకు పోయి వచ్చినోళ్లు వస్తారు, స్వామి ప్రసాదం చిటికెడంత, ఏమీ కాదులే అని నువ్వు వంటింట్లో ఉండగా వాడి నోట్లో పెట్టేస్తారు. వాడి ప్రాణం మీదికి రావడానికి ఆ చిటికెడే చాలు. కళ్లకద్దుకుని పైన పెట్టెయ్యి, స్వామికి కోపం రాదు. వాడికి వేరే డబ్బాలో కలకండ పెట్టుకో, లడ్డూలోంచి ఏరిన కలకండ కాదు సుమా.

బడిలో టీచరుకు, వ్యాన్ డ్రైవరుకు కూడా చెప్పు. అంపూల్ కొన్నాక దాని మీది తేదీ కనపడేట్టు ఫోటో తీసి నాకు పంపు, చూసి చెప్తా.

మీ పెద్దమ్మ