బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) చేసిన అమ్మాయిని స్కానింగ్ జాబ్‌కి పంపొచ్చా?

వరంగల్ నుంచి ఒక తండ్రి అడిగారు, అమ్మాయి బీఎల్ఐఎస్సీ అయిపోయింది, లైబ్రేరియన్ పోస్టులు పడట్లేదు, గవర్నమెంట్ ఆఫీసుల ఫైళ్లు స్కాన్ చేసే ఏజెన్సీ వాళ్లు రమ్మంటున్నారు, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) ఉంది కాబట్టి ఈ పనికి ఢోకా లేదంటున్నారు, పంపమంటారా అని.

అన్నగారూ, లైన్ మంచిదే, కానీ స్కానింగ్ దగ్గరే ఆపేస్తే మాత్రం వద్దు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితాలు మెషీన్లో పెట్టి తీయడంలో ఏడాది తర్వాత కూడా అమ్మాయికి కొత్తగా వచ్చేదేం ఉండదు. అసలు పని ఆ తర్వాతే, ఏ పీడీఎఫ్‌కి ఏం పేరు పెట్టాలి, ఏ సబ్జెక్టు కింద ఎక్కించాలి, ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరైనా అడిగితే నిమిషాల్లో ఎలా తీయాలి, ఇదంతా మీ అమ్మాయి చదివిన క్యాటలాగింగే కదా.

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4లోనే రికార్డులన్నీ క్యాటలాగ్, ఇండెక్స్ చేసి ఉంచాలని ఉంది. ఈమెయిల్స్ కూడా సమాచారం కిందకే వస్తాయి. అప్లికేషన్ పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి, సరైన కారణం లేకుండా లేట్ చేస్తే పీఐఓ, అంటే ఆ ఆఫీసులో సమాచారం ఇచ్చే అధికారి, జేబులోంచి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా పోతుంది. ఫైల్ కనపడట్లేదు అని ఊరికే తప్పించుకోవడం కూడా కుదరదు, బాగా వెతకాలి, అయినా దొరక్కపోతే పోవడానికి బాధ్యులెవరో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. పాత ఫైళ్లన్నీ స్కాన్ చేసి 001, 002 అని సేవ్ చేసి పడేస్తే రేపు ఆ పీఐఓ ఏం వెతుకుతాడు చెప్పండి, నాకు బాధేసేది ఇక్కడే, పెన్షన్ కాగితం కోసం తిరిగే పెద్దాయనకి ఆఫీసులో కంప్యూటర్ ఉన్నా లేనట్టే.

ఇంకోటి, ఆఫీసు రికార్డులు చూసుకునే రికార్డ్స్ ఆఫీసర్ అని డైరెక్ట్ నోటిఫికేషన్ కోసం కూర్చోవద్దు, చాలా చోట్ల ఉన్న ఉద్యోగికే ఆ బాధ్యత అప్పజెప్తారు. యూనివర్సిటీలు, బ్యాంకులు, పెద్ద కంపెనీల్లో డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ వైపు కూడా చూడమనండి.

ఏజెన్సీ వాళ్లని ఒక్కటి అడగండి, ఇండెక్సింగ్ టీమ్‌లో వేస్తారా లేదా అని. వేస్తామంటే ఓ ఏడాది చెయ్యనివ్వండి, ఆలోపు ఆర్టీఐ చట్టం మొత్తం చదవమనండి, జిల్లా ఆఫీసుల్లో ఎన్నేళ్లు ఉంచాలో బట్టి ఆర్.డిస్, డి.డిస్ అని ఫైళ్లు ఎలా విడగొడతారో నేర్చుకోమనండి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు రికార్డ్స్ మేనేజ్‌మెంట్‌లో షార్ట్ టర్మ్ కోర్సులు పెడుతుంటారు, అర్హత నోటిఫికేషన్‌లో చూసుకుని అప్లై చెయ్యమనండి. ఒట్టి స్కానింగే అంటే ఆ టైంలో ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) చేయించండి.