క్యూబా సంగీత చరిత్రకు కార్పెంటియర్ పుస్తకం ఒక్కటి చాలా?

క్యూబా రచయిత అలేహో కార్పెంటియర్ 1946లో రాసిన 'లా మూసికా ఎన్ కూబా' (క్యూబాలో సంగీతం) ఒక్కటి చదివితే చాలా అని అడిగారు. చాలదు. అయినా మొదలుపెట్టడానికి అదే మేలు. క్యూబాలోని శాంతియాగో నగర కేథడ్రల్‌లో మూలనపడి ఉన్న ఎస్తెబాన్ సాలాస్ (18వ శతాబ్దపు చర్చి స్వరకర్త) రాతప్రతుల గురించిన భాగం విలువైనది. కార్పెంటియర్ నవలాకారుడు కాబట్టి చదువుతుంటే హాయిగా సాగిపోతుంది. చిక్కూ అక్కడే.

'మా తెయోదోరా' పాటే చూడండి. 16వ శతాబ్దానిదనీ, దొరికిన సోన్‌లలో (సోన్ అంటే క్యూబా జానపద పాటల రీతి) అదే అతి పాతదనీ ఆయన నమ్మాడు. ఆయన్ని చూసి చాలామంది రాశారు. తీరా చూస్తే దాని స్వరాలు అచ్చులో కనబడింది 1893లో, శాంతియాగోకు చెందిన లౌరెయానో ఫుయెంతెస్ మాతోన్స్ పుస్తకంలో. నడుమ 300 ఏళ్ల ఖాళీ! 1971లో పరిశోధకుడు అల్బెర్తో ముగెర్సియా పాత పత్రాలు తిరగేసి, ఆ కథకు ఆధారం నిలవదని తేల్చాడు. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లోనూ పాత మాటే కనిపిస్తుంటుంది. అందుకే ఏ మాట చదివినా అది మొదట ఏ ఏడు అచ్చయిందో, చెబుతున్న సంగతి ఏ ఏటిదో పక్కపక్కన రాసుకోండి. సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఆఫ్రో-క్యూబన్ సంస్కృతి మీద రాసిన ఫెర్నాందో ఓర్తీస్ విషయంలో ఇంకో జాగ్రత్త. 1906 నాటి ఓర్తీస్ నల్లవారి పూజలను నేరశాస్త్రం కళ్లతో చూసిన లాయరు. 1952–55 మధ్య ఆఫ్రో-క్యూబన్ వాద్యాల మీద 5 సంపుటాలు వేసిన ఓర్తీస్ దాదాపు వేరే మనిషి. ఏ ఏటి మాటో చెప్పకుండా 'ఓర్తీస్ అన్నాడు' అని రాస్తే దానికి అర్థం లేదు. ఆ 5 సంపుటాలను మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు, నిఘంటువులా వాడుకోండి.

స్వరలిపిని మాత్రం రికార్డింగ్ పక్కన పెట్టుకునే చూడాలి. బతా (ఆఫ్రో-క్యూబన్ పూజల్లో వాయించే) డోళ్లు మూడు: ఇయా, ఇతోతెలే, ఒకోన్‌కోలో. ఒక్కోదానికి రెండు ముఖాలు, మొత్తం 6. దెబ్బలు మూడేసిగా, నాలుగేసిగా నడిచే లెక్కల మధ్య ఊగుతుంటాయి. కాగితం మీద ఏదో ఒకటే పడుతుంది, రెండోది పోతుంది. కాలితో తాళం వేస్తూ వింటే తేడా వెంటనే తెలుస్తుంది.

1959 విప్లవం తర్వాతి పరిశోధనకు సంగీత పరిశోధకులు అర్హెలియెర్స్ లెయోన్, మరియా తెరెసా లినారెస్‌లను చదవండి. వాద్యాలకైతే, 1978లో పుట్టిన సిద్‌ముక్ (క్యూబా సంగీత పరిశోధన కేంద్రం) 1997లో తెచ్చిన అట్లాస్ చూడాల్సిందే. ఎలియో ఒరోవియో రాసిన క్యూబా సంగీత నిఘంటువు 1981 ముద్రణలో దేశం విడిచిపోయిన గాయని సెలియా క్రూజ్ లేదు, 1992 ముద్రణే కొనండి.

రికార్డుల తేదీలకు, ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలో ఉన్న దియాస్ అయాలా డిస్కోగ్రఫీని (రికార్డుల జాబితాను) మించింది లేదు. అందులో కళాకారుల పేర్లతో వెతకాలి. 1927లో కోర్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) చేరాక 'సెక్స్‌తెతో అబనేరో' (ఆరుగురి బృందం) కాస్తా 'సెప్తెతో' (ఏడుగురిది) అయింది. ఒక్క పేరుతోనే వెతికితే రెండో పేరు మీద వచ్చిన రికార్డులు తప్పిపోతాయి.