పిల్లలు "వలేసి తీసేయొచ్చుగా" అంటున్నారంటే

సముద్రంలో ప్లాస్టిక్ చెత్త గురించి పిల్లలకు చెప్పడానికి టబ్బులో నీళ్లు పోసి ప్లాస్టిక్ ముక్కలు వేసి చూపించారనుకోండి. వాళ్లు అలా అంటున్నారంటే మీరు వేసినవన్నీ తేలే ముక్కలే అయ్యుంటాయి. అందుకే సముద్రంలో ప్లాస్టిక్‌ను పైపైన వలేసి తీసేస్తే చాలని పిల్లలు అనుకున్నారు.

1. ఒక మంచినీళ్ల సీసా, దాని మూత తీసుకోండి. సీసాను గోరంత ముక్కలుగా మీరే కత్తిరించండి.

2. అన్నీ పిల్లల చేత టబ్బు నీళ్లలో వేయించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ముక్కల్ని నీళ్లలోకి ముంచి, అంటుకున్న గాలి బుడగలు పోయేలా వేలితో రుద్దాలి. లేకపోతే సీసా ముక్కలూ పైనే తేలి పాఠం తలకిందులవుతుంది. బుడగలు పోయాక సీసా ముక్క (అది పెట్ అనే రకం ప్లాస్టిక్) ఊగుతూ అడుగుకు దిగుతుంది. మూత మాత్రం మళ్లీ పైకొస్తుంది.

4. అడుగున కాస్త ఇసుక పోసి, ఇప్పుడు వలతో తీయమనండి.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన మైక్రోప్లాస్టిక్ మాట అప్పుడు ఎత్తండి. ప్లాస్టిక్ వల్ల బాధపడే తాబేలు వీడియో లాంటిది చూపించాలనుకుంటే ఆ తర్వాతే, ముందు చూపిస్తే పిల్లలు బెంగపడిపోతారు.