సంతకం పెట్టే ముందు, అమ్ములూ

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, బాస్కెట్‌బాల్ ఆడితే దీనికి కాలేజీవాళ్లు డబ్బులిస్తారట" అని మొదలుపెట్టి, సంతోషపడాలో భయపడాలో తెలియక ఏడ్చేసింది. ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. ఎనిమిదో తరగతికే నువ్వు గుమ్మం అందుకుంటుంటే "దీనికి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలే" అని మీ అమ్మమ్మ దిగులుపడేది. ఇప్పుడా పొడుగు కోసమే కోచ్‌లు విమానమెక్కి వస్తున్నారు. ఆవిడే ఉంటే తెనాలంతా చాటింపు వేసేది.

తెలుగులోనే రాస్తున్నాను. మనబడికి వెళ్లనని ఏడ్చిన ఆదివారాలు ఇవాళ పనికొచ్చాయి. అర్థం కాని చోట నాన్నని అడుగు, అమ్మని వద్దు. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

చదువు వదలకు, మోకాలు జాగ్రత్త, ఇన్‌స్టాగ్రామ్‌లో పిచ్చి పోస్టులు పెట్టకు. ఇవి మళ్లీ చెప్పను.

అన్నిటికంటే ముందు వీసా. నువ్వు నాలుగేళ్ల పిల్లగా వచ్చావు, ఇంకా హెచ్-4 మీదే, అంటే నాన్న ఉద్యోగ వీసాకి తోకగా ఇచ్చే వీసా మీదే ఉన్నావు. హెచ్-4 పిల్లలు ఇక్కడ పని చేసి సంపాదించకూడదు. బూట్ల కంపెనీవాడు నీ ఫొటో తీసి డబ్బిస్తే అది పని కిందకి వస్తుందా రాదా అన్నది కోచ్ తేల్చే విషయం కాదు, ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాలి. పర్డ్యూ యూనివర్సిటీకి ఆడిన జాక్ ఈడీ 2023, 2024ల్లో వరసగా దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడు. కెనడా వాడు, స్టూడెంట్ వీసా. తోటివాళ్లు చేసుకున్న డబ్బు అతనికి చాలా మటుకు అందలేదు. కెంటకీ యూనివర్సిటీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే, టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ప్రకటనలు చేసుకున్నాడు, అమెరికా గడ్డ మీద చేయకూడదని. అంత పెద్ద ఆటగాళ్లకే ఇన్ని తిప్పలు. మీ నాన్న పదేళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు. ఆ క్యూలో ఉన్నది ఆయన ఒక్కడే కాదు, నీ పేరూ ఉంది.

ఇక డబ్బు సంగతి. 2021 జులై 1కి ముందు కాలేజీ ఆటగాడు తన పేరు మీద పది డాలర్లు తీసుకున్నా తప్పే. ఆటగాళ్ల బొమ్మలతో వీడియో గేములు అమ్ముకున్నవాళ్లు మాత్రం దొరల్లా ఉండేవాళ్లు. గేములో తన బొమ్మే చూసుకుని ఎడ్ ఓబానన్ అనే పాత కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు కోర్టుకెక్కాడు కాబట్టే ఇవాళ నీకీ ఫోన్లు వస్తున్నాయి. ఆ మార్పు మంచిదే అంటాను, కష్టపడ్డవాడు తీసుకోవాలి. 2025 నుంచి కాలేజీలే నేరుగా పంచుతున్నాయి, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. ఆ అంకె చూసి కళ్లు తేలేయకు. చాలా చోట్ల అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కి, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పోతుంది. మీకు మిగిలేది కొంచెం.

మారింది డబ్బొక్కటే కాదు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా కాలేజీ మారొచ్చు, మారినందుకు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. దాంతో చాలామంది కోచ్‌లు పద్దెనిమిదేళ్ల పిల్లని నాలుగేళ్లు పెంచే ఓపిక వదిలేసి, వేరే చోట పెరిగిన ఇరవై రెండేళ్లవాళ్లని తెచ్చుకుంటున్నారు. ఇవాళ నిన్ను బంగారం అన్న కోచ్ వచ్చే ఏప్రిల్లో నీ చోటుకి ఇంకొకర్ని వెతకొచ్చు. ఆ కోచే ఉద్యోగం మారిపోవచ్చు.

2022లో నైజెల్ ప్యాక్ అనే కుర్రాడు మయామీ యూనివర్సిటీకి మారితే అక్కడి వ్యాపారి ఒకాయన రెండేళ్లకి ఎనిమిది లక్షల డాలర్లు, ఒక కారు ఇస్తున్నానని ఊరందరికీ తెలిసేలా ప్రకటించాడు. వారం తిరక్కుండానే అదే టీమ్‌లో అప్పటికే ఉన్న ఐజయా వాంగ్ ఏజెంట్, మావాడికీ పెంచకపోతే వెళ్లిపోతాడన్నాడు. వాంగ్ వెళ్లలేదనుకో, మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ఆ టీమ్‌ని ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్స్‌కి తీసుకెళ్లారు. కానీ ఆ వారం పాటు డ్రెస్సింగ్ రూమ్‌లో వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు ఎలా చూసుకున్నారా అని నాకిప్పటికీ అనిపిస్తుంది. నీ అంకె ఎవరికీ చెప్పకు.

అప్పుడే ఆ అసిస్టెంట్ కోచ్‌కి "వస్తున్నా" అని మెసేజ్ పెట్టేశావట, పైగా మూడు గుండె బొమ్మలు. చెవి మెలేయాలనిపించింది. కాగితం ఆదివారం లోపల కావాలన్నారట. తొందరపెట్టే కాగితం అంటే నాకు భయం, ఎందుకో చెప్తాను.

1998లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి అమెరికా కోసం కాచుక్కూర్చున్నాను. వైటూకే రోజులు, ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో థమ్సప్ ఇచ్చి పదకొండు పేజీల కాగితం ముందు పెట్టారు. సాయంత్రం లోపల సంతకం కావాలన్నారు. మొదటి పేజీలో జీతం అంకె ఉంది, దాన్ని రూపాయల్లోకి మార్చుకుంటూ మిగతా పది పేజీలూ తిప్పేశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశాను. అది చాలక, ఊరు వెళ్లి, బడి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మీ తాతయ్య చేత హామీ సంతకం కూడా పెట్టించాను. ఆయన కళ్లజోడు కోసం తడుముకుంటూ "చదివావా?" అన్నారు. "అంతా చదివాను నాన్నా" అన్నాను.

న్యూజెర్సీ ఎడిసన్‌లో గెస్ట్ హౌస్, తొమ్మిదిమందిమి. నీకు బెంచ్ అంటే కోర్టు పక్కన కూర్చునే చోటు. మాకు బెంచ్ అంటే ప్రాజెక్టు లేక, జీతం రాక, బియ్యం లెక్కపెట్టుకుని వండుకోవడం. నాలుగు నెలలు చూసి వేరే కంపెనీకి మారాను. అప్పుడు తెలిసింది ఏడో పేజీలో ఏముందో. పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే పన్నెండు వేల డాలర్లు కట్టాలి. నోటీసు నాకు రాలేదు, మీ తాతయ్యకొచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. పోస్ట్‌మాన్ ఆయన శిష్యుడే, ఇంగ్లీషు కదా అని వీధి అరుగు మీద నిలబడి గట్టిగా చదివి పెట్టాడట.

అరెకరం నిమ్మతోట అమ్మి సర్దుబాటు చేశారు. ఆ తోట మీ అమ్మ పెళ్లికని ఉంచింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. మీ నాన్న దొరికారనుకో, ఆ సంబంధంకంటే వంద రెట్లు మేలు, అది వేరే మాట. తాతయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. మీ అమ్మ ఇప్పటికీ ఆ ఊసెత్తదు. నిమ్మకాయ పచ్చడి పెట్టి పంపేటప్పుడు కూడా.

అందుకే నీ కాగితంలో అంకె ఉన్న పేజీ నేను ఆఖరున చూస్తాను. మధ్యలో వెళ్లిపోతే ఎంత వెనక్కి కట్టాలి, మోకాలు పోతే ఇస్తారా మానేస్తారా, కోచ్ మారితే ఏమవుతుంది, నీ పేరూ ఫొటో ఎన్నేళ్లు వాళ్ల చేతిలో ఉంటాయి, ముందు ఇవి చూద్దాం. నోటితో చెప్పినదేదైనా కాగితంలో లేకపోతే లేనట్టే లెక్క. ఆ ఏజెంటబ్బాయి ఇరవై శాతం అడిగాడట, ఎన్‌బీఏ ఆటగాడి జీతంలోనే ఏజెంటు నాలుగు శాతానికి మించి తీసుకోకూడదు, అది అతనికి చెప్పి మొహం చూడు. కారిస్తామన్నా మురిసిపోకు, దానికీ పన్ను కట్టాల్సింది నువ్వే. నాన్న చేతా, అమ్మ చేతా ఎక్కడా హామీ సంతకం పెట్టించకు. ఇది సలహా అనుకోకు, బతిమాలుతున్నాను.

శుక్రవారం రాత్రి ఫ్లైట్‌కి టికెట్ కొన్నాను. శనివారం పొద్దున లాయర్‌తో ఫోన్ పెట్టించాను, నువ్వూ కూర్చో. కాగితాలన్నీ ప్రింట్ తీసి ఉంచు, అక్షరాలు పెద్దవిగా. ఫోన్లో నేను చదవలేను. నిమ్మతోట సంగతి నీకు రాశానని అమ్మతో అనకు.

మీ మామయ్య