అత్యవసర ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలి: సొరుగులో ఉండిపోయిన ఫోన్ నేర్పిన సంగతి

అరవై మంది పనిచేసే మీ సంస్థకు అత్యవసర ప్రణాళిక రాసే బాధ్యత మీ మీద పడిందనీ, అగ్నిప్రమాదం, వరద, భూకంపం, సైబర్ దాడి అంటూ ఒక్కో ముప్పుకు ఒక్కో అధ్యాయం రాయడం సరైన పద్ధతేనా అనీ అడిగారు. నేనూ మొదట అలాగే రాశాను. ఆ ప్రణాళిక అక్కరకు రాని రోజును దగ్గరుండి చూశాను కాబట్టి ఆ దారిలో వెళ్లవద్దనే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పరిపాలన విభాగం చూస్తున్న సంస్థలో, కింది అంతస్తులోని విద్యుత్ ప్యానెల్ గదిలో మంట లేచింది. ఎవరికీ గాయాలు కాలేదు, సర్వర్ గదికి పొగ కూడా చేరలేదు. మా డెబ్బై పేజీల ప్రణాళికలో అగ్నిప్రమాదమంటే సర్వర్లు కాలిపోవడమే. వాటిని మళ్లీ ఎలా నిలబెట్టాలో పూసగుచ్చినట్టు రాసుకున్నాం. తీరా సర్వర్లు భద్రంగానే ఉన్నాయి గాని, వైరింగ్ తనిఖీ పూర్తయ్యేదాకా భవనంలోకి ఎవరూ అడుగుపెట్టకూడదన్నారు, ఆ తనిఖీకి నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు జీతాలు వేయాలి. అకౌంటెంట్ ఇంటి నుంచే బ్యాంకు పోర్టల్ తెరిచి, జాబితా ఎక్కించి, ఆమోదం నొక్కారు. ఓటీపీ మాత్రం ఆఫీసు మొబైల్‌కి వెళ్లింది. ఆ మొబైల్ సీలు వేసిన భవనంలో, తాళం వేసిన ఆయన సొరుగులో ఉంది. నంబరు మార్చాలంటే సంస్థ ముద్ర ఉన్న లేఖ కావాలని బ్యాంకు వారు అన్నారు. ముద్ర కూడా అదే సొరుగులో ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అందువల్ల ప్రణాళికను ప్రమాదానికి కారణమేమిటన్న దాన్ని బట్టి కాక, మన చేతికి ఏది అందకుండా పోతుందన్న దాన్ని బట్టి రాయండి. భవనం, మనుషులు, కరెంటు, సమాచారం, మనం ఆధారపడిన సరఫరాదారు: ముప్పు ఏదైనా చివరికి వీటిలో ఒకటో రెండో పోతాయి. భవనంలోకి వెళ్లలేని స్థితికి ఒక ఏర్పాటు ఉంటే, మంటకైనా వరదకైనా అదే సరిపోతుంది.

తరువాత, ఏ పని ఎంతసేపు ఆగితే తట్టుకోగలరో తేల్చాలి. 2012లో వెలువడి 2019లో సవరణ పొందిన ఐఎస్‌ఓ 22301 (ఆటంకాలు వచ్చినా సంస్థ పనులు సాగేలా చూసుకోవడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) కూడా ఈ లెక్క ముందు తేలాలనే అంటుంది. విభాగాధిపతులను అడిగితే తమ పని గంట కూడా ఆగదనే ప్రతి ఒక్కరూ అంటారు. ఒకాయనను, పోయినసారి మీరు వారం సెలవులో ఉన్నప్పుడు ఆ పని ఎవరు చేశారని అడిగాను. కాసేపు ఆలోచించి, గంటను నాలుగు రోజులుగా మార్చారు. సమాచారం విషయంలో రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: వ్యవస్థ ఎన్ని గంటల్లో తిరిగి పనిచేయాలి, ఎన్ని గంటల సమాచారం పోయినా ఫరవాలేదు? రోజుకు ఒక్కసారే బ్యాకప్ తీస్తూ గంటకు మించి పోకూడదని రాసుకుంటే అది కాగితం మీద మాటే.

బ్యాకప్ ఉందన్న భరోసా కూడా, దాని నుంచి ఫైళ్లను నిజంగా వెనక్కి తెచ్చి చూసేవరకు చెల్లదు. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే సేవ అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తొలగించారు. రోజువారీ బ్యాకప్ అప్పటికే విఫలమవుతోంది. విఫలమైందని తెలిపే ఈమెయిళ్లు తిరస్కరణకు గురవడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేత్తో తీసి ఉంచిన నకలే వారిని ఆదుకుంది. కరెంటు సంగతీ అంతే. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో క్షేమంగానే ఉన్నా, వాటికి ఇంధనం ఎక్కించే పంపులు నేలమాళిగలో మునిగిపోవడంతో, సిబ్బంది మెట్ల మీద వరుసగా నిలబడి చేతులు మారుస్తూ ఇంధనం పైకి చేర్చాల్సి వచ్చింది. మీ జనరేటర్ ఎక్కడుందో చూసి ఆగిపోకండి. దానికి ఇంధనం ఏ దారిన వస్తుందో చివరిదాకా నడిచి చూడండి.

మాక్ డ్రిల్ అంటే గంట మోగగానే బయటికి రావడమే కాదు. మా మొదటి డ్రిల్‌లో అందరూ నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చారు గాని, ఎవరు రాలేదో చెప్పగలిగేవారు ఒక్కరూ లేరు, ఎందుకంటే హాజరు పట్టీ, సందర్శకుల పుస్తకం రెండూ లోపలే ఉన్నాయి. కాంట్రాక్టు మీద శుభ్రం చేసేవారి పేర్లు ఆ రెండింటిలోనూ లేవు.

ఇప్పుడు మా ప్రణాళిక తొమ్మిది పేజీలు. నిర్ణయం తీసుకునేవారి పేర్లు, వారు అందుబాటులో లేకపోతే వారి స్థానంలో ఎవరు, ఫోన్ నంబర్లు, ఇవన్నీ ఉన్న మొదటి పేజీని ముద్రించి ముగ్గురి ఇళ్లలో ఉంచాం. రెండో ఓటీపీ నంబరు వేరొకరి దగ్గర ఉంటుంది. మూడు నెలలకోసారి ఆ పేజీలోని ప్రతి నంబరుకూ ఫోన్ చేసి చూస్తాం. పోయినసారి ఇరవై రెండింటిలో నాలుగు పనిచేయలేదు, అందులో ఒకటి నాదే.